కట్టుడు పళ్ళ స్టాంపు

ఫిబ్రవరి 9

కామా,

ముందు ఆరోగ్యం సంగతి రాసి పారేస్తే మిగతా కాగితమంతా నాది. మోకాలు అలాగే ఉంది, ఎడమ చెవి అలాగే ఉంది, నేను బాగున్నాను. నిన్న మీ నాన్న ఫోన్ చేసి ఏదో చెప్పాడు. సగం వినబడింది, సగం ఊహించుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు ప్రెస్సులో మిషన్ల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దినదాన్ని, నాకు కాగితం మీదున్న మాటే మాట. అందుకే నీకు ఉత్తరం. చిన్నప్పుడు ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగకుండా మాట్లాడేదానివని నీకు కామా అని పేరు పెట్టాను. ఇప్పుడేమో నాలుగు నెలలకొక ఉత్తరం రాస్తున్నావు. ఈసారి అలా కుదరదు, నీతో పని పడింది.

నా ఆల్బంలో లైట్‌హౌస్ వరస నువ్వు చూశావు. ఎరుపు, నీలం, గోధుమ, ఆకుపచ్చ. నాలుగింటిలో ఆకుపచ్చది ఇరవై ఆరేళ్ళుగా నాకు దొరకలేదు. పోయిన నెల ఇంటర్నెట్లో ‘నీలి పెట్టె’ అనే దుకాణంలో కనబడింది. బొమ్మ కింద నాలుగు వాక్యాలు రాశాడు: “వాడని స్టాంపు. నాలుగు వైపులా పళ్ళు పూర్తిగా ఉన్నాయి. వెనక అసలు జిగురు చెక్కు చెదరలేదు. ఎక్కడా మరమ్మతు లేదు.” మూడుసార్లు చదివి కొన్నాను.

పోయిన సోమవారం వచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల కాగితం పరిచి విప్పాను. ముందు వైపు చక్కగా ఉంది. భూతద్దం పెట్టాను. మూడు వైపుల పళ్ళు, అంటే చిల్లుల వెంట చింపిన అంచులు, మెత్తగా, కాగితం నూగుతో ఉన్నాయి. కుడివైపు పళ్ళు మాత్రం కత్తెరతో కోసినట్టు నున్నగా ఉన్నాయి. పళ్ళు కొలిచే స్కేలు మీద పెడితే ఆ వరస మిగతావాటితో కలవలేదు. అంటే ఏమిటో చెప్తాను. ఆ స్టాంపు షీటు అంచున పుట్టింది. కుడివైపు దానికి పుట్టుకతోనే పళ్ళు లేవు. తర్వాత ఎవడో కూర్చుని చెక్కాడు. తిప్పి చూస్తే వెనక జిగురు కూడా కొత్తదే. పాత జిగురైతే పళ్ళు కొట్టకముందే పూస్తారు కనక పళ్ళ కొసలకు అంటదు. దీనికి కొసలన్నీ జిగురెక్కి గరుకుగా ఉన్నాయి.

కట్టుడు పళ్ళు, కామా. పెళ్ళిచూపులకు కట్టుడు పళ్ళు పెట్టుకొచ్చి నవ్వినట్టుంది.

తిరిగి పంపేశాను. అమ్మకాల సైటువాళ్ళు కిక్కురుమనకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు. కానీ ఎందుకు తిరిగొచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఆ నాలుగు వాక్యాలు మార్చమని సైటువాళ్ళకు ఎలా రాయాలో నువ్వు చెప్పు. అలాంటి కంపెనీలోనే కదా పని చేస్తున్నావు.

అత్త

ఫిబ్రవరి 17

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివాను. కట్టుడు పళ్ళ దగ్గర గట్టిగా నవ్వితే కాపలా ఆయన తలుపు తీసి చూశాడు.

మాది స్టాంపులమ్మే కంపెనీ కాదు, ఇళ్ళు అద్దెకిప్పించే కంపెనీ. నా పని ఆ ఇళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం. రోజుకి పాతిక ఇళ్ళు. ఏ ఇంటికీ నేను వెళ్ళను. ఫోటోలు వస్తాయి, చూసి రాస్తాను. ఇరుకు గదిని ‘పొందికైన గది’ అంటాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలేదైతే ‘ప్రశాంతమైన గది’ అంటాను. మా పైఅధికారి అబద్ధం రాయొద్దంటాడు, ఇల్లు ఖాళీగా ఉంచొద్దనీ అంటాడు. ఆ రెంటి మధ్య ఉన్న సందులో నా ఉద్యోగం.

అందుకే చెప్తున్నాను, సైటువాళ్ళకు రాసి లాభం లేదు. కంప్యూటరే జవాబిస్తుంది. కొనేవాళ్ళకి కూడా తెలుసత్తా. నాలుగు వాక్యాలు చదివి మనసులో రెండు కొట్టేసుకుంటారు. నీ డబ్బు నీకొచ్చింది, స్టాంపు వాడికి వెళ్ళింది. అక్కడితో వదిలేయకూడదా? ఆకుపచ్చది ఇంకెక్కడైనా దొరుకుతుంది. నేనూ వెతుకుతాను.

కవరు మీద అంటించిన స్టాంపు కొత్తగా వచ్చింది. దాచుకో.

నీ కామా

ఫిబ్రవరి 26

కామా,

కార్డు ముక్క మీద రాస్తున్నాను, పోస్టు కట్టే వేళయింది. ఆకుపచ్చ లైట్‌హౌస్ కొన్నాను. నీలి పెట్టెలోనే. ఈసారి తిరిగి పంపను. మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను.

అత్త

మార్చి 4

అత్తా,

కార్డు అందింది. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

నెల కిందట నువ్వు ఆ స్టాంపు కొన్నావు. అది మంచిది కాదని నువ్వే కనిపెట్టి తిరిగి పంపావు. నాకు రెండు పేజీల ఉత్తరం రాశావు. ఇప్పుడు కొత్తగా కొన్నట్టు మళ్ళీ అదే దుకాణంలో అదే స్టాంపు కొన్నానని రాశావు. ముందు ఉత్తరం రాసిన సంగతి నీకు గుర్తుందా? నాన్నని అడిగితే ఈమధ్య ఫోన్లో అడిగినదానికి కాక వేరేదానికి జవాబిస్తున్నావన్నాడు. చెవి అని మనం అనుకుంటున్నాం, చెవే కాకపోవచ్చు.

నాయనమ్మకి కూడా ఇలాగే మొదలైంది. సబ్బు కొని, కొన్నానని మర్చిపోయి మళ్ళీ కొనేది. బీరువాలో పదకొండు సబ్బులు దొరికేదాకా మనకి తెలియలేదు. అప్పుడు ఆమెను ఆరేళ్ళు చూసుకున్నది నువ్వే. నీకు నేను చెప్పేదేముంది?

జ్ఞాపకశక్తి చూసే డాక్టరు దగ్గర నీ పేరు రాయించమని నాన్నకి చెప్పాను. ఉత్తినే మాట్లాడతారట, నొప్పి ఉండదు. నా కోసం వెళ్ళు. అప్పటిదాకా ఇంటర్నెట్లో ఇంకేమీ కొనకు.

కామా

మార్చి 11

కామాకి,

ఈ రోజు మార్చి పదకొండు. వారం నీకు కావాలంటే బుధవారం. నీ వయసు ముప్ఫై ఒకటి. నువ్వు ఎనిమిదో ఏట నా ప్రూఫుల మీద సిరా ఒలకబోసి ఏడిస్తే తప్పు నాదేనని నేను మా మేనేజరుకి చెప్పిన సంగతి కూడా గుర్తుంది. ఇంకేమైనా పరీక్ష ఉందా?

నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు పట్టింది అణుచుకోవడానికి. మా అమ్మ పేరు ఎత్తావు కాబట్టి ఒకటి రాస్తాను, మళ్ళీ రాయను. అరవై దాటిన రోజు నుంచీ నేను సబ్బు కొన్న ప్రతిసారీ ఇంటికొచ్చి బీరువా చూసుకుంటున్నాను. ఆ భయం నువ్వు కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇక జరిగింది విను. నేను తిరిగి పంపిన తొమ్మిదో రోజున అదే స్టాంపు అదే దుకాణంలో మళ్ళీ ప్రత్యక్షమైంది. పై అంచున చిన్న సిరా చుక్క ఉంది, దాన్ని బట్టి గుర్తుపట్టాను. కింద అవే నాలుగు వాక్యాలు. ‘ఎక్కడా మరమ్మతు లేదు.’ నేను అతనికి రాశాను, మర్యాదగానే. ఏ పన్ను దగ్గర కొలత తప్పిందో లెక్క పెట్టి మరీ రాశాను. అతని జవాబు ఇది, ఉన్నదున్నట్టు దించుతున్నాను: “అమ్మా, పెద్దవారు, చూపు సరిగా ఆనకపోయి ఉంటుంది. మా దగ్గర కొన్న వందలమందిలో మీరొక్కరే ఇలా అన్నారు.”

చూపు ఆనదట. తొమ్మిది వందల పేజీల నిఘంటువులో తలకిందులుగా పడ్డ ఒక్క సున్నాని పట్టుకున్న కళ్ళివి.

అప్పుడు కొన్నాను. మర్చిపోయి కాదు, బాగా గుర్తుండే కొన్నాను. నేను తిరిగి పంపితే అతను ఇంకొకరికి అమ్ముతాడు. వాళ్ళు కనిపెట్టి పంపితే మరొకరికి. కనిపెట్టలేనివాళ్ళ దగ్గరికి చేరేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. ఇక తిరగదు. నా బల్ల సొరుగులో ఉంది.

నాకు డబ్బు వద్దు. ఆ నాలుగు వాక్యాలు తప్పని అతను ఒప్పుకోవాలి, అంతే. కొనేవాళ్ళకి తెలుసు, రెండు కొట్టేసుకుంటారు అని రాశావు చూడు, ఆ మాట నన్ను బాగా బాధ పెట్టింది. తెలియనివాళ్ళ సంగతేమిటి? మొదటి స్టాంపు కొనే మనిషి ఏ రెండు కొట్టేసుకోవాలి?

ఏప్రిల్ 6న మా స్టాంపుల సంఘం సమావేశం ఉంది. అక్కడ లేవనెత్తుతాను. ప్రెసిడెంటు గారు రిటైరైన పళ్ళ డాక్టరు. నీలి పెట్టె అతను ఆయనకు బాగా కావలసినవాడని తెలుసు. అయినా లేవనెత్తుతాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళను. మీ నాన్నకి నేనే చెప్పాను.

అత్త

ఏప్రిల్ 2

కామా,

గెలిచాను.

నిన్న పోస్టులో నీలి పెట్టె నుంచి ఉత్తరం వచ్చింది. ఈమెయిలు కాదు, ఉత్తరం. టైపు చేసి కింద సంతకం పెట్టాడు. ఆ వర్ణన తాను సరిగా చూసుకోకుండా రాశానని, కుడివైపు పళ్ళ గురించి నేను చెప్పినదే నిజమని, “మీ వంటివారి నిశిత దృష్టి మాకు మార్గదర్శకం” అని. కాస్త పూత ఎక్కువైంది కానీ తప్పు ఒప్పుకునేవాడికి ఆ మాత్రం పూత అవసరమే. నాలుగుసార్లు చదివాను. ఐదోసారి పైకి చదివాను, నా కుడిచెవికి వినబడాలని.

ఎవరినైనా తిట్టడం కన్నా తప్పు ఒప్పుకున్నవాణ్ణి మెచ్చుకోవడం నాకిష్టం. ఆరో తారీఖున ఈ ఉత్తరం సమావేశంలో అందరి ముందూ చదువుతాను. ఒప్పుకుంటే పరువు పోదని మిగతా అమ్మకందార్లకి తెలియాలి. సమావేశానికి కట్టుకోవాలని బూడిదరంగు చీర ఇస్త్రీకి ఇచ్చాను.

నీతో కఠినంగా రాశాను పోయినసారి. మనసులో పెట్టుకోకు.

అత్త

ఏప్రిల్ 4

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే ఆరుసార్లు ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు. నాన్న ఊళ్ళో లేడు. ఇది అర్జంటు పోస్టులో పంపుతున్నాను, ఆరో తారీఖు పొద్దుటికి అందుతుందని కౌంటరావిడ అంది.

ఆ ఉత్తరం చదవకు. ఎక్కడా చదవకు. అది రాసింది నేను.

నువ్వు రాత్రీ పగలూ దాని గురించే ఆలోచిస్తున్నావనిపించింది. ఆ మనిషి ఎప్పటికీ ఒప్పుకోడు. అతను ఒప్పుకోలేదని నువ్వు ఇంకో స్టాంపు, ఇంకోటి కొంటూ పోతావని భయపడ్డాను. నీకు కావలసింది ఒక ఉత్తరమే కదా, రాయడం నా పనే కదా అనుకున్నాను. నువ్వు దాన్ని సొరుగులో పెట్టుకుని హాయిగా ఉంటావనుకున్నాను. సమావేశానికి తీసుకెళ్తావని నాకు తట్టలేదు.

నన్ను ఎన్నైనా అను, ఆ ఉత్తరం మాత్రం చదవకు.

కామా

ఏప్రిల్ 9

కామాకి,

నీ అర్జంటు ఉత్తరం ఏడో తారీఖు సాయంత్రం అందింది.

జరిగింది నువ్వు తెలుసుకోవాలి కనక రాస్తున్నాను. ఆరో తారీఖున హాల్లో ముప్ఫై మంది దాకా ఉన్నారు. నా వంతు రాగానే లేచి స్టాంపు కథ చెప్పి, ఉత్తరం చదివాను. చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు మాత్రం కొట్టలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి అక్కడికక్కడే నీలి పెట్టె అతనికి చేశారు, అందరికీ వినబడేలా. అతను అలాంటి ఉత్తరం తన జన్మలో రాయలేదన్నాడు. స్టాంపు నిక్షేపంలా ఉందన్నాడు. ‘ఆవిడకి పెద్దతనం వచ్చిందండీ, ఏదో రాసుకుని ఉంటారు’ అన్నాడు.

నేను కవరు తిప్పి చూశాను. నలభై ఏళ్ళుగా ఏ కవరు చేతికొచ్చినా నేను ముందు చూసేది పోస్టు ముద్ర. ఊరు, తేదీ, ఆ తర్వాతే లోపలి కాగితం. ఈ ఒక్క కవరుకి చూడలేదు. సంతోషంలో చూడలేదు. ముద్ర మీద నీ ఊరి పేరుంది, స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా చెరగకుండా.

ముప్ఫై మంది నా వంక చూస్తున్నారు. దొంగ ఉత్తరం పుట్టించిన ముసలమ్మ వంక చూసినట్టు చూస్తున్నారు. ప్రెసిడెంటు గారు మెల్లగా అడిగారు, ‘ఇది ఎవరు రాశారో మీకు తెలుసా?’ అని.

నేను నిలబడే చెప్పాను. “తెలుసు. అది మా ఇంటి సంగతి, ఇక్కడ చెప్పను. ఈ ఉత్తరం అబద్ధం. నేను సరిచూడకుండా మీకు చదివాను, ఆ తప్పు నాది, వెనక్కి తీసుకుంటున్నాను. స్టాంపు గురించి నేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఇదిగో స్టాంపు, ఇదిగో భూతద్దం. మీరు నలభై ఏళ్ళు పళ్ళు చూశారు డాక్టరు గారూ. ఇవి పుట్టినవో కట్టినవో చూసి చెప్పండి.”

ఆయన చూడలేదు. సమయమైపోయిందన్నారు. నేను సంఘానికి రాతపూర్వకంగా క్షమాపణ ఇవ్వాలని, అప్పటిదాకా సమావేశాలకు రావద్దని తీర్మానం చేశారు. ఎనిమిది మంది చేతులెత్తారు, మిగతావాళ్ళు కుర్చీలు సర్దడంలో మునిగిపోయారు. ఉత్తరానికి క్షమాపణ అక్కడే చెప్పేశాను, ఇంకోసారి ఇవ్వను. స్టాంపుకి ఇచ్చేది లేదు. నడిచే ఇంటికి వచ్చాను. మోకాలు నొప్పెట్టిందేమో కూడా నాకు తెలియలేదు.

నువ్వు ప్రేమతో చేశావని నాకు తెలుసు. కానీ ఆలోచించు. అతను కాగితం ముక్కకి లేని పళ్ళు కట్టి నాకు అమ్మాడు. నువ్వు అతనికి లేని పశ్చాత్తాపం కట్టి నాకు పంపావు. రెండూ చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఇద్దరూ నాకు తెలియదులే అనుకున్నారు. అతను పరాయివాడు కాబట్టి కోపం వచ్చింది. నీ విషయంలో ఏం రావాలో నాకింకా తెలియడం లేదు.

కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

అత్త

ఏప్రిల్ 16

అత్తా,

రాయకు అన్నావు, రాస్తున్నాను. విప్పకపోతే పోనీ, ముద్ర మాత్రం చూడు, నా ఊరిదే.

క్షమించమని అడగడానికి కాదు. ఆ మాట ఎలా రాసినా నా వృత్తి వాసన వస్తుంది, మూడు కాగితాలు చింపాను. ఏం చేశానో చెప్పడానికి రాస్తున్నాను. మీ ప్రెసిడెంటు గారి చిరునామా సంఘం వెబ్‌సైటులో దొరికింది. ఆయనకు చేత్తో రాసి పంపాను. ఆ దొంగ ఉత్తరం రాసింది నేనని, నేను మా అత్తకు మేనకోడల్నని, ఆవిడకు తెలియకుండా చేశానని, నా ఉద్యోగమేమిటో, నా పూర్తి పేరు, ఫోన్ నంబరు అన్నీ రాశాను. మీ తీర్మానం నా మీద చేయండి, ఆవిడ మీద కాదు అని రాశాను. చివర, మీరు ఆ స్టాంపు చూడకుండా ఎందుకు లేచారు అని అడిగాను. అడగకూడదేమో, అడిగేశాను.

నువ్వు నా పేరు దాచావు. నేను దాక్కోను.

నీకు మతిమరుపు అన్నందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను. ఆ కార్డులో నువ్వు రాసింది ఐదు వాక్యాలు. నేను వాటిని చదవలేదు, వాటి మధ్య నా భయాన్ని చదువుకున్నాను. పొరపాటు నాదేనని నాన్నకి కూడా చెప్పాను.

కామా

మే 5

కామాకి,

ముద్ర చూశాను. తర్వాత విప్పాను.

రెండు వారాల కిందట ఆదివారం పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. తీస్తే పళ్ళ డాక్టరు గారు. ఒక చేతిలో నీ ఉత్తరం, చంకలో ఆల్బం. కూర్చోమన్నాను. టీ ఇచ్చాను. ‘మీ మేనకోడలు అడిగిన ప్రశ్న చదివి వచ్చాను, స్టాంపు చూపించండి’ అన్నారు.

కిటికీ దగ్గర కూర్చుని అరగంట చూశారు. ‘ఇవి కట్టినవే’ అని స్టాంపు నా ముందు పెట్టి, ఆ తర్వాత తన ఆల్బం తెరిచారు. నీలి పెట్టె దగ్గర ఆయన ఆరేళ్ళుగా కొంటున్నారు. అతను చెప్పింది నమ్మి భూతద్దం పెట్టకుండానే పేజీల్లో పెట్టుకున్నారు. ఇద్దరం కలిసి ఇరవై రెండు చూశాం. ఏడింటికి కట్టుడు పళ్ళు, నాలుగింటికి కొత్త జిగురు. ఏడోది తేలాక ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ‘నా ముందుకొచ్చిన నోటిలో ఒక్క పన్ను కూడా నన్ను మోసం చేయలేదమ్మా’ అన్నారు. నాకు నవ్వొచ్చింది, పాపం అనిపించింది కూడా. ఆయన ఆ రోజు లేచి వెళ్ళిపోయింది నన్ను నమ్మక కాదు. చూస్తే తన ఆల్బం కూడా చూసుకోవలసి వస్తుందని.

తీర్మానం ఎత్తేశారు. మంచిదే కానీ నేను అడగలేదని ఆయనకు చెప్పాను. నేనడిగింది వేరు: సంఘంలో ఎవరు నీలి పెట్టె దగ్గర కొన్నా అందరూ తెచ్చి బల్ల మీద పెట్టాలి, ఒక్కొక్కటీ కొలవాలి. పెట్టారు. ఆరోజు చేతులెత్తిన ఎనిమిది మందిలో ఐదుగురు తెచ్చారు. కొలతలన్నీ పట్టికలో రాసి, సంతకాలు చేసి, సైటువాళ్ళకూ అతనికీ పంపాం. ఇరవై ఎనిమిది సంతకాలకు కంప్యూటరు జవాబివ్వలేదు, ఒక మనిషి ఇచ్చింది. నీలి పెట్టె మూత పడింది.

అతను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. నాకొక్కదానికి రాశాడు, నేను అతని నోటి దగ్గర కూడు తీశానని. నేను జవాబిచ్చాను: మీరు మళ్ళీ దుకాణం తెరవండి, ఉన్నది ఉన్నట్టు రాయండి, మొదటి బేరం నాదే అని. అతను రాయలేదు. కొత్త పేరుతో తెరుస్తాడని డాక్టరు గారంటారు. తెరవనీ. నా దగ్గర స్కేలుంది.

ఇక ఆకుపచ్చ లైట్‌హౌస్ సంగతి. మా ప్రెస్సులో అక్షరాలు పోతపోసిన పాత మిత్రుడి చేత గోరులో సగం ఉండే ముద్ర చేయించాను. దాని మీద ఒకటే మాట, ‘మరమ్మతు’. స్టాంపు వెనక చెరగని సిరాతో కొట్టాను. సంఘంలో ఇద్దరు అయ్యో అన్నారు. ఇక దాన్ని పూర్తి స్టాంపని ఎవరూ అమ్మలేరు, నేను పోయాక కూడా.

దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాను. నా పేరుతో, అదే సైటులో. వర్ణన నువ్వు రాయి. నీ పని అదే కదా. నేను దిద్దుతాను.

అత్త

మే 14

అత్తా,

ముందు రాసింది: “చిన్న చిన్న లోపాలున్నా చూడముచ్చటైన అరుదైన స్టాంపు.” నువ్వు దిద్దక ముందే నేనే కొట్టేశాను. లోపాలు చిన్నవని ఎవరన్నారు?

రెండోది: “నిపుణుల చేత పరీక్షించబడిన.” ఇది కూడా కొట్టేశాను. నిపుణులంటే నువ్వూ పళ్ళ డాక్టరూ.

మూడు రోజులు పట్టింది. ఇంత కష్టపడి నేనెప్పుడూ ఇంత చప్పగా రాయలేదు. ఇదిగో:

“ఆకుపచ్చ లైట్‌హౌస్. వాడలేదు. షీటు అంచున పుట్టింది కాబట్టి కుడివైపు మొదట పళ్ళు లేవు, ఇప్పుడున్నవి ఎవరో తర్వాత కోసినవి. వెనక జిగురు కొత్తగా పూసింది. పై అంచున సిరా చుక్క ఉంది. వెనక ‘మరమ్మతు’ అని నేను ముద్ర కొట్టాను, చెరగదు. దీన్ని ఇంతకుముందు పూర్తి స్టాంపని రెండుసార్లు అమ్మారు. రెండుసార్లూ కొన్నది నేనే. రంగు బాగుంది.”

‘రంగు బాగుంది’ ఉంచనా? ఫోటోలో బాగుంది మరి.

నిన్న ఆఫీసులో ఒక ఇంటికి ‘వంటగదిలో పగలు కూడా లైటు వేసుకోవాలి’ అని రాశాను. పైఅధికారి కొట్టేశాడు. మళ్ళీ రాశాను. సోమవారం నన్ను తన గదికి రమ్మన్నాడు. వెళ్తాను, భయం లేదు. కొంచెం ఉందిలే.

కామా

జూన్ 21

కామా,

‘రంగు బాగుంది’ ఉంచాను. అది నిజం.

మూడు వారాలు ఎవరూ అడగలేదు. సంఘంలో వాళ్ళు నవ్వారు, ఇంత నిజం రాస్తే ఎవరు కొంటారని. నేను ఒక్క మాట కూడా తీయలేదు. నాలుగో వారం ఒకావిడ కొంది. బస్సు డిపోలో టిక్కెట్లిచ్చే ఉద్యోగమట. స్టాంపులు ఈ ఏడే మొదలుపెట్టిందట. పూర్తి స్టాంపు కొనే స్తోమత లేదని, లోపమేమిటో ముందే తెలిస్తే కళ్ళు మూసుకుని కొనొచ్చని రాసింది. రెండు పొరల అట్ట మధ్య పెట్టి, పైన నీ వర్ణన కాగితం మడిచిపెట్టి పంపాను. పంపిన దగ్గర్నుంచీ భయమే. ఏదైనా రాయడం మర్చిపోయామా, ఏ మూలనైనా మనిద్దరం చూడని మడత ఉందా అని. పరీక్ష రాసినట్టు ఆరు రోజులు గడిపాను.

ఇవాళ ఆవిడ కార్డు వచ్చింది. సాదా పోస్టుకార్డు, పెన్సిలుతో రాసింది. పైన నమస్కారమండీ, కింద సంతకం, మధ్యలో ఒకటే వాక్యం:

“మీరు రాసినట్టే ఉంది.”

అత్త